దూరం పెట్టిందెవరు? పన్ను కట్టేదెవరు?

(ఒక మండల కేంద్రంలో ఆటో కార్మికులు, వ్యవసాయ కూలీలు కలిసి జరుపుకున్న సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అట్లాగే ఉంచాం.)



నేను బడిపంతులును. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని. మా నాయన వేలిముద్ర వేసినవాడే. పెద్ద పెద్ద ఆర్థిక శాస్త్రాలు నాకు రావు. కానీ పిల్లలకు లెక్కలు చెప్పి బతికేవాణ్ని కాబట్టి ఇవాళ మీ ముందు లెక్కలే మాట్లాడతాను. తప్పుంటే సభలోనే లేచి అడగండి, బడిలో పిల్లలు అడిగినట్టే.

మొన్న ఒక ఆటో తమ్ముడు నన్ను రోడ్డు మీద ఆపి అడిగిండు. "సారూ, ఇగ నుంచి బండి తిరిగిన ప్రతి కిలోమీటరుకూ పన్నంట గదా, పైన ఆకాశంల నుంచి చూసి మన పైసలు గుంజుకుంటరంట గదా, నిజమేనా?" అని. అవునని చెప్తే అబద్ధం, కాదని చెప్తే సగం అబద్ధం. అందుకే ఈ సభ.

ముందు నిజం ఎంతవరకో తెలుసుకుందాం

జాతీయ రహదారుల మీద టోలు వసూలుకు కేంద్రం 2008లో నియమాలు చేసింది. ఆ నియమాల్లో రేటు రాసిందే కిలోమీటరు లెక్కన. కారుకు కిలోమీటరుకు 65 పైసలు, బస్సుకు, రెండిరుసుల లారీకి 2 రూపాయల 20 పైసలు, నాలుగు నుంచి ఆరు ఇరుసులున్న పెద్ద లారీకి 3 రూపాయల 45 పైసలు. ఇవి 2007-08 నాటి మూల రేట్లు. ప్రతి ఏప్రిల్ 1న పెంచుకుంటూ వస్తున్నారు. రేటు కిలోమీటరుకే గాని వసూలు మాత్రం గేటు దగ్గర. గేటు దాటి 5 కిలోమీటర్లు పోయినా ఆ గేటు కింద ఉన్న మొత్తం రోడ్డుకు కట్టాలె. గేటు దాటకుండా 40 కిలోమీటర్లు తిరిగినవాడు పైసా కట్టడు. హైదరాబాదు - విజయవాడ రోడ్డు మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు గేట్ల పక్క ఊళ్లవాళ్లకు ఈ సంగతి నేను చెప్పనక్కర లేదు.

2024 సెప్టెంబరులో ఈ నియమాలను సవరించారు. ఉపగ్రహంతో బండి ఎక్కడుందో కనిపెట్టే పరికరం బిగించుకుంటే, రోజుకు ఒక్కో వైపు 20 కిలోమీటర్ల దాకా ఉచితం, ఆపైన తిరిగినంత దూరానికే రుసుము అని రాశారు. బెంగళూరు - మైసూరు, పానిపట్ - హిసార్ రోడ్ల మీద ప్రయోగం కూడా చేసి చూశారు. 2025 మే 1 నుంచి దేశమంతా ఇదే పద్ధతి వస్తుందని ప్రచారం జరిగింది. అట్లాంటి నిర్ణయం తీసుకోలేదని ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖే చెప్పింది. 2025 జూన్‌లో బైకులకు కూడా టోలు అని ఇంకో పుకారు లేచింది. అది కూడా లేదని మంత్రే చెప్పిండు. రెండు చక్రాల బండికి, ఆటోకు, ట్రాక్టరుకు, ఎడ్లబండికి జాతీయ రహదారి మీద టోలు లేదని 2008 నియమాల్లోనే ఉంది. కానీ అందులోనే ఒక మెలిక కూడా ఉంది. పక్కన సర్వీసు రోడ్డో వేరే దారో ఉంటే ఆటో, ట్రాక్టరు పెద్ద రోడ్డు ఎక్కనే కూడదు, బైకు ఎక్కితే కారు రుసుములో సగం కట్టాలె అని. ఆ మెలికను చాలాచోట్ల అమలు చేయడం లేదు గాని కాగితం మీద ఉంది.

కాబట్టి రేపే వచ్చి మీద పడుతుందని భయపెట్టే మాటలు నమ్మకండి. ఎప్పటికీ రాదని నిద్రపోకండి. ఎందుకంటే ప్రపంచమంతా ఇటే నడుస్తున్నది. న్యూజిలాండులో డీజిల్ బండ్లకు 1978 నుంచే కిలోమీటరు పన్ను ఉంది. జర్మనీలో పెద్ద లారీలకు 2005లో మొదలైంది. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం 2015లో ఇష్టమున్నవాళ్లకు పెట్టింది. ఐస్‌లాండు 2024లో ఎలక్ట్రిక్ కార్లకు పెట్టింది. 2028 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకు మైలుకు 3 పెన్నీలు వేస్తామని బ్రిటన్ 2025 నవంబరులో ప్రకటించింది. అందరిదీ ఒకటే కారణం. కరెంటు బండి పెట్రోలు తాగదు. పెట్రోలు తాగకపోతే పెట్రోలు పన్ను రాదు. ఖజానాకు కన్నం పడుతుంది. ఆ కన్నం పూడ్చడానికి ఇక మిగిలింది దూరం.

మనం ఇప్పుడే కడుతున్నం

"మా వాడలో కార్లెవరికున్నయి సారూ, మనకెందుకీ గోల" అని ఒక పెద్దాయన అంటున్నడు. తాతా, నీ మనవడి బైకు ఏం తాగుతది? 2025 ఏప్రిల్‌లో పెంచినప్పుడు లీటరు పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజు సుంకం 21 రూపాయల 90 పైసలైంది. ఆ పైన తెలంగాణలో వ్యాట్ నూటికి 35 రూపాయల 20 పైసలు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 రూపాయలు, దాని పైన లీటరుకింతని ఇంకొంత, రోడ్ల పేరుతో ఇంకో రూపాయి. అప్పటి రేట్లతో కేంద్రానిదీ రాష్ట్రానిదీ కలిపితే లీటరుకు దగ్గర దగ్గర 50 రూపాయల పన్ను. బైకు లీటరుకు 50 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకు రూపాయి.

అంటే కిలోమీటరు పన్ను కొత్తగా రావడం కాదు, ఎప్పుడో వచ్చి మన బైకు ట్యాంకులో కూర్చుంది. పొద్దున 20 కిలోమీటర్లు పోయి మేస్త్రీ పని చేసి, రాత్రి 20 కిలోమీటర్లు తిరిగొచ్చే తమ్ముడు ఆ లెక్కన రోజుకు 40 రూపాయలు పన్ను కట్టినట్టే. చీటీ ఇవ్వరు కాబట్టి వాడికి తెలవదు. "పన్ను కట్టేది మేము, తినేది మీరు" అని మనల్ని ఎవరన్నా దెప్పితే ఈ లెక్క చెప్పండి.

ఇంకోవైపు చూడండి. పది పదిహేను లక్షలు పెట్టి ఎలక్ట్రిక్ కారు కొన్నవాడికి పెట్రోలు పన్ను లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన విధానంలో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము కూడా 2026 డిసెంబరు 31 దాకా మాఫీ చేసింది. పొగ తగ్గాలంటే కరెంటు బండ్లు రావాల్సిందే, నేను కాదనను. మన ఆటో తమ్ముళ్లకూ కరెంటు ఆటోలు రావాలె. కానీ అదే రోడ్డు మీద పోతూ పాత బైకు వాడు కిలోమీటరుకు రూపాయి కట్టి, కొత్త కారు వాడు పెట్రోలు పన్ను పైసా కట్టకపోతే అది న్యాయమా? అందుకే నేను కిలోమీటరు పన్నును పేరు వినగానే వద్దు అనను. సరిగా వేస్తే అది మన బైకు మీది బరువును తీసి పెద్ద బండి మీద పెట్టగలదు. తప్పుగా వేస్తే మన బైకు మీద రెండో మూట పెడుతుంది.

మొట్టమొదటి ప్రశ్న ఇదే. అది పెట్రోలు పన్నుకు బదులుగా వస్తుందా, దాని మీద అదనంగా వస్తుందా? బదులుగా అయితే కూర్చుని మాట్లాడుదాం. అదనంగా అయితే లేచి నిలబడదాం.

అంబేడ్కర్ బాల్యంలోని టోలు గేటు

బాబాసాహెబ్ తన చిన్ననాటి సంగతి ఒకటి రాసుకున్నాడు. 1901 నాటిది. ఆయనకు అప్పుడు తొమ్మిది, పదేళ్లు. తండ్రి దూరాన ఉద్యోగం చేస్తున్నాడు. అన్నతో, అక్క పిల్లలతో కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరి మసూరు స్టేషనులో రైలు దిగాడు. తండ్రికి జాబు సంగతి తెలియక ఎవరూ ఎదురు రాలేదు. మహర్ పిల్లలని తెలిసేసరికి బండివాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు. ఏమని? కిరాయి రెండింతలు ఇవ్వాలె, బండి పిల్లలే తోలుకోవాలె, బండివాడు పక్కన నడిచి వస్తాడు. రాత్రి ఒక టోలు వసూలు చేసేవాడి గుడిసె దగ్గర ఆగారు. ఆ గుడిసె దగ్గర నీళ్లు దొరకలేదు. సద్ది ఉన్నా నీళ్లు లేక పిల్లలు ఆకలితోనే పడుకున్నారు.

ఈ కథ మీకు కొత్త కాదు. నేను ఇవాళ దీన్ని లెక్కల పంతులుగా చదువుతున్నాను. దూరం అందరికీ ఒకటే, కిరాయి మాత్రం వాళ్లకు రెండింతలు. గేటు అందరిదీ, నీళ్లు మాత్రం కొందరివి. దూరం అనేది కిలోమీటర్ల రాయి మీద రాసినంత సాదా సంగతి కాదని ఆ రాత్రి చెబుతుంది.

మన వాడ ఊరికి దూరంగా ఎందుకుంది? మనం ఎంచుకొని పోయి అక్కడ కట్టుకున్నామా? బడి ఊరిలో, రేషను దుకాణం ఊరిలో, బస్సు ఆగేది ఊరిలో. మా చిన్నప్పుడు బస్సు దిగి వాడకు ఒకటిన్నర కిలోమీటరు నడిచేవాళ్లం. హైస్కూలు ఇంకో ఊరిలో. చేతిలో భూమి లేదు కాబట్టి పని కోసం పది ఊళ్లు తిరగాలె. భూమి ఉన్నవాడికి పని ఇంటి వెనకాలే ఉంటుంది, భూమి లేనివాడికి పని ఎక్కడ దొరికితే అక్కడ ఉంటుంది. మిర్చి కోతలకు పోతే పక్క జిల్లా, ఇటుక బట్టీకి పోతే పక్క రాష్ట్రం. మనం తిరిగే దూరం మన సరదా కాదు. దాన్ని కులం పెట్టింది, భూమి లేకపోవడం పెట్టింది. షికారుకు పోయేవాడి కిలోమీటరునూ కూలికి పోయేదాని కిలోమీటరునూ ఒకే తూకం రాయితో తూచితే అది సమానత్వం కాదు.

ఇచ్చేటప్పుడు దూరం కొలిచే తీరు కూడా చూడండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదాన ప్రాంతంలో ఒక నివాసానికి రోడ్డు లేదని లెక్కలోకి రావాలంటే అది రోడ్డున్న చోటికి కనీసం 500 మీటర్ల దూరంలో ఉండాలె. అంటే ఊరికి తారు రోడ్డు వస్తే, అర కిలోమీటరు లోపల ఉన్న వాడకు కూడా వచ్చినట్టే లెక్క. మధ్యలో మోకాలు లోతు బురద ఉన్నా సరే. ఇచ్చేటప్పుడు అర కిలోమీటరు దూరమే కాదు. తీసుకునేటప్పుడు మాత్రం ప్రతి కిలోమీటరూ దూరమే. ఈ రెండు కొలతల మీద మన కొట్లాట.

ఎవరి మీద ఎంత పడుతుంది?

ఇప్పుడు పలక పట్టుకోండి. ఎనిమిది మంది కూలీలు ఒక నాలుగు చక్రాల కిరాయి బండిలో 30 కిలోమీటర్లు పోతున్నరనుకోండి. కిలోమీటరుకు 65 పైసలైతే ఒకసారికి 19 రూపాయల 50 పైసలు. తలకు సుమారు 2 రూపాయల 45 పైసలు. రానుపోను 5 రూపాయలకు కొంచెం తక్కువ. నెలకు 25 రోజులైతే 122 రూపాయలు. రేటు రెట్టింపైతే 244. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే నెలకు ఒక రోజు కూలిలో ముప్పాతిక వంతు పైగా రోడ్డుకే పోతుంది. పన్ను రసీదు బండి యజమాని పేరు మీద వస్తుంది, డబ్బు అక్క కొంగుముడి నుంచి వస్తుంది.

ఇప్పుడున్న రాయితీలు ఎవరికున్నాయో చూడండి. 2025 ఆగస్టు 15న సంవత్సరం పాసు తెచ్చారు. తెచ్చినప్పుడు 3,000 రూపాయలు కడితే 200 సార్లు గేటు దాటవచ్చని పెట్టారు. అంటే ఒకసారికి 15 రూపాయలు. ఎవరికి? సొంత కారు, జీపు, వ్యాన్‌కు మాత్రమే. గేటుకు 20 కిలోమీటర్ల లోపల ఇల్లున్న వాళ్లకిచ్చే చవక నెల పాసు కూడా సొంత బండికే. ఫైనాన్సులో బండి తీసుకొని, నెల నెలా కిస్తీ కట్టుకుంటూ కూలీలను చేరవేసే మన పిలగాడికి ఈ రెండూ లేవు. జిల్లాలో రిజిస్టరైన బండికి సగం రాయితీ ఉంది, అది కూడా పక్కన సర్వీసు రోడ్డు లేకపోతేనే. ఒక్కడే కూర్చుని పోయే కారుకు సుమారు 15 రూపాయలు, ఎనిమిది మందిని మోసే బండికి అంతకంటే ఎక్కువ. రోడ్డును ఎక్కువ ఆక్రమించేది ఎవరు?

ఇక బస్సు. బస్సుకు మూల రేటు కిలోమీటరుకు 2 రూపాయల 20 పైసలు. 30 కిలోమీటర్లకు 66 రూపాయలు. బస్సులో 50 మంది ఉంటే తలకు 1 రూపాయి 32 పైసలు. అదే రాత్రి చివరి ట్రిప్పులో 8 మందే ఉంటే తలకు 8 రూపాయల 25 పైసలు. ఆర్టీసీ ఇప్పటికే టోలును టికెట్టులో కలిపి తీసుకుంటున్నది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. మంచిదే. కానీ ఊరూరికీ తిరిగే బస్సు మీద దూరం పన్ను పడితే ముందు తెగేది ఏ ట్రిప్పు? మంది తక్కువున్న ట్రిప్పు. అంటే మూలకున్న ఊరి ట్రిప్పు, పొద్దుగూకినంక వచ్చే ట్రిప్పు. టికెట్టు ఉచితమే, బస్సే ఉండదు. అప్పుడు పదో తరగతి ఆడపిల్ల స్పెషల్ క్లాసు అయిపోయినంక ఇంటికెట్లా వస్తది? పన్ను లెక్కలో ఆమె పేరు ఎక్కడా ఉండదు, కానీ చదువు మానేది ఆమే. నా తరగతిలో ఖాళీ అయ్యే బెంచీల సంగతి నాకు తెలుసు.

రోడ్డును తినేది ఎవరు?

రోడ్డు వాడుకున్నందుకే పన్ను అంటున్నారు. సరే. రోడ్డును చెడగొట్టేదెవరో కూడా అడుగుదాం. అమెరికాలో 1950ల చివర ఇల్లినాయ్ రాష్ట్రంలో లారీలను పదే పదే తిప్పి రోడ్డు ఎట్లా చెడిపోతుందో పరీక్ష చేశారు. అందులో తేలిన లెక్కను ఇంజనీర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇరుసు మీది బరువు రెండింతలైతే రోడ్డుకు తగిలే దెబ్బ రెండింతలు కాదు, సుమారు 16 రెట్లు. కారు ఇరుసు అర టన్ను, లారీ ఇరుసు 10 టన్నులు అనుకుంటే బరువులో తేడా 20 రెట్లే. దెబ్బలో తేడా 1,60,000 రెట్లు. మన బైకు లెక్క చెప్పనే అక్కర లేదు.

2018 జూలైలో కేంద్రం ఒక ఇరుసు మీద మోసే బరువు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. అదే లెక్కలో పెట్టి చూస్తే, నిండా మోసే ఇరుసు వేసే దెబ్బ 60 శాతం పైగా పెరిగింది. కానీ టోలు మూల రేట్లలో పెద్ద లారీకీ కారుకూ తేడా ఎంత? ఐదింతల పైచిలుకు. మన ఊరి రోడ్డు మీద ఇసుక లారీ, గ్రానైటు లారీ పోయినంక మిగిలేది ఏందో మీరే చూస్తున్నారు. ఆ గుంతల్లో ఆటో చక్రం విరిగేది మీది.

"లారీ మీద వేస్తే బియ్యం ధర పెరగదా, అది మళ్లా మన మీదే పడదా?" అని అడగవచ్చు. మంచి ప్రశ్న. మళ్లా పలక పట్టుకోండి. పెద్ద లారీ, 20 టన్నుల బియ్యం, 300 కిలోమీటర్లు. కిలోమీటరుకు 3 రూపాయల 45 పైసలైతే మొత్తం 1,035 రూపాయలు. కిలో బియ్యం మీద 5 పైసలు. రేటు రెట్టింపైనా 10 పైసలు. రేపు షావుకారి "టోలు పెరిగింది, కిలోకు 2 రూపాయలు ఎక్కువ" అంటే ఈ లెక్క వాని ముందు పెట్టండి. మిగిలిన 1 రూపాయి 90 పైసలు ఏ గేటు దగ్గర కట్టిండో చెప్పమనండి.

మనం ఎటు పోయినమో ఎవరికి తెలవాలె?

ఇంకో సంగతి ఉంది. దూరం కొలవాలంటే బండి ఎక్కడ ఎప్పుడు ఉందో యంత్రానికి తెలవాలె. ఎప్పుడు ఏ ఊరికి పోయినవు, ఏ సభకు పోయినవు, ఎవరింటి ముందు బండి ఆపినవు, అన్నీ ఎక్కడో రాసి ఉంటాయి. అట్రాసిటీ జరిగిన ఊరికి నిజనిర్ధారణకు పోయే మన కార్యకర్తల బండ్ల లెక్క ఎవరి చేతిలో ఉండాలె? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు చెప్పారు. మాట కోర్టులో ఉంది, యంత్రం బండిలో ఉంటుంది.

దీనికి దారి లేదా? ఉంది. న్యూజిలాండులో మామూలు బండికి ఉపగ్రహం అక్కర లేదు. బండిలో తిరిగే మీటరు రీడింగే ఆధారం. 1,000 కిలోమీటర్ల చొప్పున ముందే కొనుక్కొని అద్దానికి చీటీ పెట్టుకుంటారు. ఎంత తిరిగినవో తెలుస్తుంది, ఎటు తిరిగినవో తెలవదు. జర్మనీలో టోలు కోసం తీసుకున్న వివరాలను వేరే పనికి వాడకూడదని, ఇంకే చట్టం కిందా స్వాధీనం చేసుకోకూడదని టోలు చట్టంలోనే రాశారు. వాళ్లు రాయగలిగినప్పుడు మనం ఎందుకు రాయించుకోలేం?

రోడ్డు అడ్డం దాటే సంగతి కూడా మరవకండి. నాలుగు లైన్లు వేసినప్పుడు మధ్యలో గోడ కట్టారు. వాడ ఇటు, చేను అటు. ముందు అడ్డం దాటితే పది అడుగులు, ఇప్పుడు బండి యూటర్ను దాకా పోయి తిరిగి రావాలె. ఆ దూరం మనం అడిగింది కాదు. రేపు దానికీ మీటరు తిరిగితే, గోడ కట్టినందుకు మనమే డబ్బు కట్టినట్టు.

మనం ఏం అడగాలె?

మిత్రులారా, వద్దు అని అరవడం సులువు. రేపు అధికారి వచ్చి "అయితే ఏం కావాలె?" అంటే మన దగ్గర కాగితం ఉండాలె. నా ఆలోచనలు మీ ముందు పెడుతున్నాను, సభ చర్చించి ఖాయం చేయాలె.

1. దూరం పన్ను వస్తే పెట్రోలు, డీజిలు పన్నులో అంతమేర తగ్గించిన తర్వాతే రావాలె. రెండూ కలిపి వసూలు చేయకూడదు.

2. బైకు, ఆటో, ట్రాక్టరుకు 2008 నియమాల్లో ఉన్న మినహాయింపు పోకూడదు. సర్వీసు రోడ్డు మెలికను తీసేయాలె.

3. సొంత కారుకిచ్చిన సంవత్సరం పాసు, నెల పాసు కూలీలను చేరవేసే కిరాయి బండికి కూడా ఇవ్వాలె.

4. పల్లెలకు తిరిగే ఆర్టీసీ బస్సుకు దూరం పన్ను పూర్తిగా మాఫీ కావాలె. పన్ను పేరుతో ఒక్క ట్రిప్పు కూడా తగ్గించకూడదు.

5. రేటు బరువును బట్టి ఉండాలె. ఇరుసు బరువు పెరిగినకొద్దీ, బండి ఖరీదు పెరిగినకొద్దీ రేటు పెరగాలె.

6. ఎటు పోయినమో రాసే యంత్రం బలవంతంగా బిగించకూడదు. మీటరు రీడింగుతో కట్టే దారి ఉండాలె. వివరాలు పోలీసులకు, కంపెనీలకు ఇవ్వకూడదని చట్టంలో రాయాలె.

7. వచ్చిన డబ్బులో ఒక వాటా వాడల రోడ్లకు కేటాయించాలె. 500 మీటర్ల లెక్క వాడలకు వర్తించకూడదు.

ఇందులో దయాదాక్షిణ్యాలు ఏమీ లేవు. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి నడవనివ్వని దారిలో ఎడ్లబండి కట్టి తోలాడు. రోడ్డు మీద బండి తోలే హక్కు కోసమే మన పెద్దలు దెబ్బలు తిన్నారు. ఆ హక్కును ఇప్పుడు ఎవరూ కర్ర పట్టుకొని ఆపరు. ధర పెట్టి ఆపుతారు. కర్ర కనబడుతుంది, ధర కనబడదు. అందుకే లెక్క నేర్చుకోవాలంటున్నాను.

చివరగా ఒక హోంవర్కు. పంతులును కదా, ఇవ్వకుండా పోలేను. ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టండి. నాలుగు గీతలు గీయండి. ఎవరు పోయిండ్రు, ఎక్కడికి పోయిండ్రు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత కిరాయి. కూలికి పోయిన అక్క, దవాఖానకు పోయిన ముసలవ్వ, బడికి పోయిన పిల్ల, అందరిదీ రాయండి. ఇంటర్ చదివే పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. నెల రోజులు రాసి, ఆటో యూనియను తమ్ముళ్లు, కూలి సంఘం అక్కలు కలిసి కూడండి. ఆ పుస్తకాలు తీసుకొని మండలాఫీసుకు పోదాం, ఆ తర్వాత కలెక్టరాఫీసుకు పోదాం. వాళ్ల దగ్గర ఉపగ్రహం లెక్క ఉంటే మన దగ్గర నోటుబుక్కు లెక్క ఉండాలె. పుస్తకం లేకుండా పోతే మళ్లా రేపు రమ్మంటారు. ఆ రేపటికి పోవడానికి కూడా కిరాయి మనదే.



జై భీమ్!